దురదగొండి మడి మీద మనిషెత్తు అక్షరాలు

ప్రతి ఊరికీ నడిబొడ్డున ఆ ఊరి పేరు మనిషెత్తు అక్షరాల్లో నిలబెట్టి తీరాలి. కాదనేవాడు ఊరి ద్రోహి, ప్రగతి నిరోధకుడు, ఫోనులో కెమెరా లేని మనిషి!

ఊరికే అనడం లేదు. అనుభవం మీద చెబుతున్నాను. పోయిన మార్చిలో మా పానిమలా చౌకులో PANIMALA అని ఎనిమిది సిమెంటు అక్షరాలు లేచాయి. వాటి ముందు ఎర్రటి గుండె బొమ్మ ఒకటి. అంతకుముందు అరవై మూడేళ్ళ పాటు నేను ఏ ఊళ్ళో ఉంటున్నానో నాకు రూఢిగా తెలియదంటే నమ్ముతారా? పొద్దున్నే లేచి, మొక్కజొన్న రొట్టె నాలుగు ముక్కలు నమిలి, ఏదో ఒక ఊళ్ళో ఉన్నాను కదా అనుకుని పనికి పోయేవాణ్ణి. ఇప్పుడా బాధ లేదు. తలుపు తీస్తే పేరు కనపడుతుంది. మరిచిపోదామన్నా వీల్లేదు!

ఆ అక్షరాలకి రంగులేసింది నేనే. తొమాస్ కలెల్, పెయింటర్. మా కొండరోడ్ల మీద ఎదురొచ్చే బస్సుల్లో సగం వాటి నుదుటి మీద పేరు నా చేతిరాతే. మందుల షాపులు, కోళ్ళ ఫారాలు, పళ్ళ డాక్టర్లు, చివరికి శ్మశానంలో నీలం రంగు సమాధులు కూడా నా ఖాతాదారులే. ఊళ్ళో పుట్టినవాడి పేరు పాదిరీ గారు రాస్తారు, పోయినవాడి పేరు నేను రాస్తాను. కాబట్టి పేర్ల విషయంలో నా మాటని మీరు కాస్త చెవిన పెట్టవచ్చు.

ముందు మా ఊరి పేరు వెనక ఉన్న పాత కథ చెప్పాలి. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

పానిమలా అంటే మా కొండవాళ్ళ కిచె భాషలో 'పెద్ద దురదగొండి దగ్గర' అని. అంతే! చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎంత దర్జాగా ఉంటాయో! ఒకటి పచ్చపిట్టలు వాలిన కొండట. ఇంకొకటి పులి దాహం తీర్చుకున్న చోటట. వాటి మధ్య మేమున్నాం, గోక్కుంటూ.

మా ముసలమ్మలు చెప్పే కథ ఇది. మొదట్లో ఏడు కుటుంబాలు కొండ దిగి వచ్చాయి. ఒకాయన్ని పెద్దగా పెట్టుకున్నాయి. ఏడాది తిరిగాక, "అడవికి నువ్వు కాపలా కదా, ఆ వాగు పక్క పైన్ చెట్లు ఏమయ్యాయి?" అని ఆయన్ని అడిగారు. ఆయన తెల్లవారి మొదలుపెట్టి, పొయ్యి మీద మొక్కజొన్నలు ఉడికి చల్లారేదాకా మాట్లాడాడు. చుక్కల గురించి చెప్పాడు, తాతల గురించి చెప్పాడు, ఐకమత్యం గురించి చెప్పాడు. చెట్ల ఊసు మాత్రం ఎత్తలేదు. ఓ ముసలమ్మకి ఒళ్ళు మండింది. ఆయన కాలి చెప్పులు లాగేసి, పక్కనే ఉన్న దురదగొండి పొదలోకి ఒక్క తోపు తోసింది.

"మా బావమరిది నరికాడు!" అని ఒక్క ముక్కలో తేలిపోయింది.

ఆ పొదని ఎవరూ నరకలేదు. దాని చుట్టూనే ఊరు కట్టుకున్నారు. దాని పేరే ఊరికి పెట్టుకున్నారు. చర్చి వచ్చింది, మునిసిపల్ ఆఫీసు వచ్చింది, ఆ రెంటికీ మధ్య దురదగొండి మడి మాత్రం అలాగే ఉండిపోయింది. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. చుట్టూ రాళ్ళు పేర్చి, వేసవిలో నీళ్ళు పోసి మరీ పెంచారు మా వాళ్ళు. ఇతర ఊళ్ళవాళ్ళు గులాబీలు పెంచుకుంటారు కదా, అలాగన్నమాట!

ఆచారమూ అలాగే ఉండిపోయింది. మా ఊళ్ళో ప్రతి ఇల్లూ తన వంతు వచ్చినప్పుడు ఏడాది పాటు జీతం లేకుండా ఊరికి పనిచేయాలి. ఒకరిది అడవి కాపలా, ఒకరిది నీటి గొట్టాలు, ఒకరిది చర్చి గంట. జనవరి పద్నాలుగున వంతు దిగిపోయే ప్రతివాడూ ప్యాంటు మోకాలిదాకా మడిచి, వట్టి కాళ్ళతో ఆ మడిలో నిలబడాలి. ఊరు అడుగుతుంది, అతను చెబుతాడు. చెప్పడం అయిపోయాక ఆడవాళ్ళు తడి మొక్కజొన్న పిండి తెచ్చి కాళ్ళకి పట్టిస్తారు. గంట కొట్టేవాడి దగ్గర్నుంచి వెండి పొన్ను కర్ర పట్టుకున్న మేయరు దాకా అందరికీ అదే మడి.

ఎంత అనాగరికం చెప్పండి! దీనివల్ల మా ఊరికి జరిగిన నష్టం ఎవరైనా ఆలోచించారా? మూడు వందల ఏళ్ళలో మా ఊళ్ళో ఒక్క వక్త పుట్టలేదు! పక్క ఊరి మేయర్లు ఆగకుండా రెండు గంటలు మాట్లాడుతుంటే మా వాళ్ళు తల దించుకునేవారు. మా తాతగారి కాలంలో ఒక మేయరు వీడ్కోలు ప్రసంగం ఇప్పటికీ అందరికీ కంఠోపాఠం. పూర్తి పాఠం ఇదీ: "వంతెన కూలడం నా తప్పే. పిండి తెండి."

ఇలాంటి ఊరికి డెవలప్‌మెంట్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అదృష్టం కొద్దీ మాకు ఫెలిసియానో తినిగ్వార్ గారు మేయరు అయ్యారు. ఆయన వంతు నాలుగో ఏట, పోయిన జనవరిలో, రాజధానికి వెళ్ళి టూరిజం మీద మూడు రోజుల ట్రైనింగు పొంది వచ్చారు. వచ్చిన వారానికే నన్ను ఆఫీసుకి పిలిపించారు.

"ఏమయ్యా తొమాసూ, దురదగొండి చూడ్డానికి ఎవడైనా విమానమెక్కి వస్తాడా?"

"రాడండి."

"మరి రాణిని చూడ్డానికి?"

"మనకి రాణి ఎక్కడుందండీ?"

"లేకపోతే ఉండేట్టు చెయ్యాలి. నీ చేతిరాత బాగుంటుందిగా!"

చేతిరాతకీ రాణికీ ఏం సంబంధమో నేను అడగలేదు. పెద్దవాళ్ళని అడగకూడదు. పైగా ఆయన ఇంకో మాట కలిపారు: "ఈ ఏడు వంతు మీ ఇంటిదేగా? ఈ వయసులో అడవి కాపలా ఏం చేస్తావు, మోకాళ్ళు పట్టేస్తాయి. బోర్డూ రంగులూ వెయ్యి, అదే నీ వంతు కింద రాయిస్తాను."

చలికాలంలో మా అడవి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎగిరి గంతేశాను. వంతు కింద రాయించుకోవడం అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక రాణిని పుట్టించాలి. మూడు రోజులు తల గోక్కున్నాను. ఆ వారమే 'రోసెల్వి' అనే బస్సు వెనకాల కిరీటం పెట్టుకున్న అమ్మాయి బొమ్మ వేసి ఉన్నాను. రోసెల్వి బస్సు ఓనరు కూతురు, గొప్ప అందగత్తె అని ఓనరు అభిప్రాయం. పేరు ముందు మా పాత భాషలో ఆడపేర్లకి పెట్టే 'ఇష్' తగిలిస్తే ఎవరైనా సరే పాతకాలపు రాణి అయి కూర్చుంటుంది. అలా పుట్టింది మా మహారాణి ఇష్‌రోసెల్! ఆ బస్సు కొండెక్కేటప్పుడు దారిపొడుగునా ఆయిలు కారుస్తుంది. దాన్ని కన్నీరు చేశాను. 'వేయి సంవత్సరాల క్రితం ఇష్‌రోసెల్ రాణి శత్రురాజుని ప్రేమించి, ఈ కొండ మీద నిలిచి కన్నీరు కార్చగా, ఆ కన్నీటిలో నుంచి ఈ ఊరు పుట్టింది' అని పచ్చటి బోర్డు మీద పసుపు అక్షరాల్లో రాసి, చౌకులో పాతాను.

నెల తిరక్కుండానే దాని మహిమ తెలిసింది. బడిలో పరీక్షకి అదే ప్రశ్న. దురదగొండి అని రాసిన పిల్లకి సున్నా. రాజధాని నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చి, రాణి కాలం వేయేళ్ళు కాదు, పన్నెండు వందల ఏళ్ళు అని నన్ను సవరించి వెళ్ళారు. కసాయి కొట్టు మాతేయో అయితే తన ముక్కు అచ్చం ఆవిడ ముక్కేనని, తాను ఆ వంశం వాడినని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. నేను ఆ ముక్కుని బస్సు వెనక ఎంత తిప్పలు పడి వేశానో నాకు తెలుసు.

రాణి వచ్చాక అక్షరాలు రాకుండా ఉంటాయా? చౌకంతా గట్టి రాయి. పునాదికి పనికొచ్చేది మెత్తటి మట్టి ఉన్న దురదగొండి మడి ఒక్కటేనని మేయరు గారి ఇంజనీరు తేల్చాడు. సైన్సు మనకేం తెలుసు? ఒక్క పొద్దులో మడి పీకేశారు. పీకిన నలుగురు కూలీలూ ఆ రోజంతా నిజాలే మాట్లాడారని, ఒకడి కాపురంలో గొడవలు కూడా వచ్చాయని విన్నాను. తర్వాత సిమెంటు పోశారు. దాని మీద అక్షరాలు నిలబెట్టారు.

ఆ అక్షరాల వల్ల కలిగిన మేళ్ళు చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టను?

ఇదివరకు తాగుబోతులు ఆ మడిలో పడేవారు. పడ్డ మరుక్షణం మత్తు దిగిపోయి, భార్యకి క్షమాపణ చెప్పుకుంటూ ఇంటికి పరుగెత్తేవారు. ఎంత హింస! ఇప్పుడు 'పి' అక్షరం కడుపులో హాయిగా పడుకుంటున్నారు. ఒకాయనకి అది ఎంత నచ్చిందంటే ఉత్తరాలు కూడా అక్కడికే తెప్పించుకుంటున్నాడు.

పెళ్ళివాళ్ళు చర్చికి వెళ్ళేముందు ఇక్కడ ఫోటో దిగుతారు. ఆగస్టులో ఒక జంట గుండె బొమ్మ ముందు, బొమ్మ వెనక, బొమ్మ మీద ఎక్కి ఎన్ని ఫోటోలు దిగారంటే, పాదిరీ గారు విసిగిపోయి చర్చికి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. పెళ్ళి వాయిదా పడింది కానీ ఫోటోలు ఎంత బాగా వచ్చాయో! శవయాత్రలు కూడా ఇక్కడ ఒక్క క్షణం ఆగుతున్నాయి. పోయినవాడు ఏ ఊరివాడో పైనున్నవాళ్ళకి తెలియద్దూ?

గురువారం సంతలో ఉల్లిపాయలమ్మే తొమ్మిది మంది ఆడవాళ్ళకి చోటు పోయింది, నిజమే. కానీ ఇప్పుడు ప్రపంచంలో ఎన్ని దేశాల ఫోన్లలో వాళ్ళు వెనకాల మూలన నిలబడి కోపంగా చూస్తున్నారో తెలుసా? ఉల్లిపాయలమ్మితే ఈ పేరు వచ్చేదా?

అందరూ సంతోషంగా ఉన్న ఊళ్ళో ఒక్కరైనా నస పెట్టేవాళ్ళు ఉంటారు. మా ఊళ్ళో ఆ మనిషి మా వదినే కావడం నా ఖర్మ. షెపా సాకిక్, పోయిన మా అన్న భార్య. ఉండేది పైపేటలో, కొండవాలున. అక్కడి ఊట మా ఊరి మొత్తానికే తియ్యటి ఊట. రెండేళ్ళ క్రితం ఒకరోజు పైపేట కుళాయిలు ఆగిపోయాయి. అప్పటినుంచి వదిన పొద్దున రెండు, సాయంత్రం రెండు, ప్లాస్టిక్ బిందెలతో చౌకు దాకా దిగి, చర్చి పక్క తొట్టిలో ముంచుకుని, మళ్ళీ కొండెక్కుతుంది. ఆమెకి డెబ్భై ఒకటి.

మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి అడిగింది. వానలు తక్కువన్నారు. మళ్ళీ వెళ్ళింది. గొట్టాలు పాతవన్నారు. మూడోసారి వెళితే మేయరు గారు మీటింగులో ఉన్నారన్నారు. మీటింగు గోడ అవతల నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్ కేకలు వినపడ్డాయట. ఏడాది వంతు దిగిపోతున్న నీటి గొట్టాల మనిషిని మడిలో నిలబెట్టి అడిగితే, "ఊట దగ్గర గొట్టానికి మేయరు గారి ఆఫీసు తాళం వేసింది, తాళంచెవి నా దగ్గర లేదు," అని ఏడుస్తూ చెప్పాడు.

"సరే, ఆయన కూడా దిగే రోజు వస్తుందిగా," అంది వదిన. మేయరు వంతు నాలుగేళ్ళు. ఆ ఒక్క ప్రశ్నని పట్టుకుని ఆమె ఆ రోజు కోసం కూర్చుంది.

ఈలోగా మార్చి వచ్చింది. సిమెంటు వచ్చింది.

నేను నిచ్చెనెక్కి 'ఎమ్'కి ఊదారంగు వేస్తుంటే వచ్చి కింద నిలబడింది. నెత్తిన బిందె.

"దిగు మరిదీ."

"తడి రంగు వదినా, ఆరిపోతుంది."

"ఆ బోర్డు మీద ఏం రాశావో చదివి చెప్పు."

చదివాను. కన్నీటి దగ్గర కొంచెం గొంతు కూడా వణికించాను.

"ఓహో. ఆవిడ ఏడిస్తే ఊరే పుట్టిందా! అయితే ఇంకాస్త ఏడవమను, నా బిందె నిండుతుంది."

"టూరిజం వదినా. నీకు తెలియదు."

"నాకు తెలియదు సరే. నువ్వు ఊళ్ళో ప్రతి గోడా, ప్రతి గేటూ రాసేవాడివి. మా నీళ్ళెటు పోతున్నాయో నీకు తెలియదూ?"

"నాకేం తెలుసు? నేను అక్షరాలు రాసుకునేవాణ్ణి."

ఆమె బిందె సర్దుకుని వెళ్ళిపోయింది. నేను 'ఎమ్'కి రెండో కోటు వేశాను. అవసరం లేకపోయినా వేశాను.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ఫెలిసియానో గారే మళ్ళీ గెలిచారు. అక్షరాల ముందు దిగిన ఫోటోయే పోస్టరు. గెలిచినా సరే, మా ఆనవాయితీ ప్రకారం పాత వంతు దిగి, పేటల పెద్దల చేతికి వెండి పొన్ను కర్ర ఇచ్చేసి, మళ్ళీ వాళ్ళ చేతుల మీదుగా తీసుకోవాలి. మొన్న జనవరి పద్నాలుగున పొద్దున పదింటికి చౌకులో కుర్చీలు వేశారు. చెక్క పలకల మరింబాని కర్రలతో వాయించేవాళ్ళు వచ్చారు. ముందు వరసలో ఏడు పేటల పెద్దలు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. మేయరు గారు నిగనిగలాడే బూట్లతో గుండె బొమ్మ ముందు మైకు అందుకున్నారు.

ఆహా, ఏం ప్రసంగం! మూడు వందల ఏళ్ళ అవమానం ఆ ఒక్క పొద్దున తీరిపోయింది. మొదటి గంట ఇష్‌రోసెల్ రాణి త్యాగం. రెండో గంట సగంలో ఉండగా, మనమంతా ఆ కన్నీటి బిడ్డలం అంటుండగా, పైపేట దారిలో నుంచి ముప్పై మంది ఆడవాళ్ళు దిగారు. నెత్తి మీద నార సంచులు. ముందు మా వదిన. తిన్నగా వచ్చి అక్షరాల ముందు సంచులు బోర్లించారు. లోయలో నుంచి కోసుకొచ్చిన పచ్చి దురదగొండి, మోకాలెత్తు!

"అలంకరణకా తల్లీ?" అన్నారు మేయరు గారు, మైకులోనే.

"కాదు బాబూ. నువ్వు నిలబడ్డానికి."

మేయరు గారు నవ్వారు. పెద్దమనిషి కదా! "అది పాతకాలపు మాట తల్లీ. మన ఊరి పేరుకీ ఈ కలుపుమొక్కకీ ఏ సంబంధమూ లేదు. అదిగో, బోర్డు మీద రాసుంది. చదువుకోండి."

"నాకు చదువు రాదు. రాసినవాణ్ణి పిలవండి, అతనే చెబుతాడు."

నేను 'ఎల్' వెనక నిలబడి ఉన్నాను. ఆ అక్షరం మరీ సన్నంగా కట్టారని అప్పుడే తెలిసింది.

"మరిదీ, ఈ ఏడు నీ వంతేంటి?"

"రంగులు వదినా."

"రాయించుకున్నావా?"

"రాయించుకున్నాను."

"దిగిపోతున్నావా?"

"దిగిపోతున్నాను."

"మరింకేం. చెప్పులు విప్పు."

నేను పేటల పెద్దల వైపు చూశాను. వాళ్ళలో పెద్దాయన లూకాస్ చిరోయ్‌కి ఎనభై దాటాయి. ఆయన తన కర్రతో ఆ ఆకుల కేసి చూపించి, "పద అబ్బాయ్," అన్నాడు. నన్ను అబ్బాయ్ అన్నది ఆ రోజు ఆయనొక్కడే.

మీలో దురదగొండిలో నిలబడనివాళ్ళు ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. మొదటి అడుగుకి ఏమీ అనిపించదు. రెండో అడుగుకి కన్నతల్లి గుర్తొస్తుంది. మూడో అడుగుకి అబద్ధం ఎలా ఆడాలో మరిచిపోతారు.

"రాణి ఎవరు?" అని అడిగింది వదిన.

"బస్సు."

చౌకంతా ఒక్కసారిగా గొల్లుమంది. "ఏ బస్సయ్యా?" అని ఎవరో అరిచారు.

"రోసెల్వి. పొద్దున ఆరింటి బస్సు."

కసాయి మాతేయో తన ముక్కు తడుముకోవడం నేను చూశాను. వదిన మాత్రం నవ్వలేదు.

"మా నీళ్ళెటు పోతున్నాయి?"

నేను అక్షరాలు రాసుకునేవాణ్ణి అని చెబుదామనే నోరు తెరిచాను. ఇంతలో పిక్కకి ఒక ఆకు రాసుకుంది.

"లోయ అంచున మేయరు గారి చెల్లెలి బంగళాకి. లోపల ఈతకొలను ఉంది. గేటు మీద 'ఊటల ఇల్లు' అని రాసింది నేనే."

"ఎప్పుడు?"

"మీ కుళాయిలు ఆగిన నెలలో."

ఇప్పుడెవరూ నవ్వలేదు. మరింబా వాళ్ళు కూడా వాయించే కర్రలు కింద పెట్టారు. వదిన నా కాళ్ళ కేసి కాదు, నా మొహం కేసే చూస్తోంది.

"పోయిన ఈస్టరుకి మా ఇంట్లో భోంచేశావు. రెండు చెంబుల నీళ్ళు తాగావు. కొండ కింద నుంచి మోసుకొచ్చిన నీళ్ళు. తాగుతూ ఏమన్నావో గుర్తుందా? మీ పైపేట నీళ్ళ రుచే వేరు వదినా, అన్నావు."

గుర్తుంది. ఆకుల మంట కన్నా అదే ఎక్కువ మండింది.

ఆచారం ఆచారమే కాబట్టి వదినే తడి పిండి తెచ్చి నా కాళ్ళకి పట్టించింది. ఇదివరకు ఆడవాళ్ళు నిమిరినట్టు పట్టించేవారు. ఈమె గోడకి మట్టి మెత్తినట్టు మెత్తింది.

తర్వాత లూకాస్ పెద్దాయన మేయరు గారి వైపు తిరిగి, "నువ్వు రా నాయనా," అన్నాడు.

మేయరు గారు బూట్ల వైపు చూసుకున్నారు. ఆకుల వైపు చూశారు. మైకు వైపు చూశారు. మైకు దగ్గరగా ఉంది. నీటి సమస్య మీద ఒక కమిటీ వేస్తున్నామని, ఆ కమిటీ అన్ని కోణాల్లో నుంచీ పరిశీలిస్తుందని ప్రకటించారు. పెద్దాయన ముసలి చేయి చాపి, మేయరు గారి చేతిలోని వెండి పొన్ను కర్ర అందుకున్నాడు. "ఇది చర్చిలో సెయింట్ బర్తొలొమ్యో విగ్రహం పక్కన ఉంటుంది. బూట్లు విప్పిన రోజు వచ్చి తీసుకో," అన్నాడు. ఏడుగురు పెద్దలూ లేచి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళూ వెళ్ళిపోయారు. మేయరు గారు మాట్లాడుతూనే ఉన్నారు. ఒకటీ ఇరవైకి ముగించారు. అప్పటికి 'పి' కడుపులో పడుకున్నాయన ఒక్కడే వింటున్నాడు.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కర్ర చర్చిలోనే ఉంది. చట్టం ప్రకారం ఆయనే మేయరు, కాగితాల మీద సంతకాలూ పెడుతున్నారు. సందుల్లో ఎదురైతే మాత్రం ఎవరూ పక్కకి తప్పుకోవడం లేదు. కోసిన దురదగొండి వాడిపోతుంది కాబట్టి, సంత రోజుల్లో పైపేట ఆడవాళ్ళు కొత్తది తెచ్చి పరుస్తున్నారు. గురువారం నాడు ఒక విదేశీయుడు నిక్కరు వేసుకుని ఫోటో కోసం దాని మీద కూర్చున్నాడు. ఏ దేశం అని అడిగితే దేశం, ఊరు, నిజం వయసు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. మా ఊళ్ళో అంత సూటిగా మాట్లాడిన మగవాణ్ణి చూసి చాలా రోజులైందని ఉల్లిపాయలమ్మే ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

నిన్న మేయరు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. 'ఇక్కడ ఆకులు పరచరాదు' అని బోర్డు రాయాలట. కాళ్ళు వాచి ఉన్నాయి, లేవలేను అని చెప్పి పంపాను. ఇది అబద్ధం. దురదగొండిలో లేనప్పుడు ఇంకా అలవాటు పోలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మొదట్లో అన్న మాటకే నేను కట్టుబడి ఉన్నాను. మీ ఊళ్ళో కూడా అక్షరాలు పెట్టించుకోండి. మనిషెత్తు చాలదంటే తాటిచెట్టెత్తు పెట్టించుకోండి. రంగులు కావాలంటే నేనున్నాను, రాణి కావాలంటే ఈ వారం ఇంకో రెండు బస్సులు రంగుకి వచ్చాయి. ఒక్కటి మాత్రం చూసుకోండి. సిమెంటు పోయబోయే చోట అంతకుముందు ఏముండేదో కూలీలు దిగకముందే అడగండి. మా ఊళ్ళో అక్కడ మేయరు గారు నిలబడాల్సిన చోటు ఉండేది. నాది కూడా అక్కడే ఉండేది. చోటు పోయినందుకు ఆయన కన్నా ముందు సంతోషించినవాణ్ణి నేను.

నా కాళ్ళ మంట రెండో రోజుకే తగ్గిపోయింది. పైపేట ఊట దగ్గర తాళం ఇంకా అలాగే ఉంది. ఈ పొద్దున షెపా వదిన బిందె ఎత్తుకుని అక్షరాల ముందు నుంచి వెళ్ళింది. "బిందె ఇలా ఇవ్వు వదినా, నేను మోస్తాను," అన్నాను. వినపడనట్టు వెళ్ళిపోయింది.